ఆశ్వయుజం గంజి

వానాకాలం మూడు నెలలూ మా ఇంట్లో చీరలకు గంజి ఉండేది కాదు. రాయపూర్‌లో ఆషాఢం మొదలుకొని భాద్రపదం దాకా ముసురు పడితే రోజుల తరబడి తెరిపి ఉండదు. గంజి పెట్టిన బట్ట ఎండకపోతే పులిసిన వాసన వేస్తుంది, రెండో రోజుకల్లా బూజు చుక్కలు పడతాయి. అందుకని ఆ నెలల్లో అమ్మ నూలు చీరల్ని ఉత్త నీళ్ళలో జాడించి వసారాలో దండెం మీద వేసేది. ఒంట్లో సత్తువ లేని మనుషుల్లా అవి నీరసంగా వేలాడేవి. ముసురు వదిలాక ఒక రోజు పొద్దున్న అమ్మ అన్నం వార్చిన గంజిని పారబోయకుండా ఇత్తడి గిన్నెలో పక్కకు తీసి పెట్టేది. క్యాలెండరు చూడక్కర్లేదు, ఆశ్వయుజం వచ్చిందని మాకు తెలిసిపోయేది.

మాది రైల్వే కుటుంబం. నాన్న వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరు. ఊరంతా డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అని పిలిచే ఆ క్వార్టర్ల వరసల్లో మా చుట్టూ శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్ళందరినీ అక్కడికి చేర్చింది ఒక రైలుమార్గం. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయపూర్ వచ్చే లైను 1931లో పూర్తయింది. వేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. అందుకే తర్వాత పేర్లు ఎన్ని మారినా మా తాతగారి నోట అది కడదాకా బీఎన్నారే. ఆ పట్టాల వెంట మనవాళ్ళు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గార్డులుగా వచ్చారు. 1959లో పక్కనే భిలాయిలో ఉక్కు కర్మాగారం మొదలయ్యాక ఇంకా వచ్చారు. మగవాళ్ళు ఉద్యోగంతో వచ్చారు. ఆడవాళ్ళు ట్రంకుపెట్టెతో వచ్చారు. నేను చెప్పదలచుకున్నది ఆ పెట్టెల గురించి.

నవరాత్రులకు ముందు, ఎండ కాస్త కుదురుగా కాసిన మొదటి ఆదివారం పెట్టెలు తెరిచేవాళ్ళు. మా వరసలో అన్ని ఇళ్ళలోనూ దాదాపు ఒకే రోజున. నులకమంచాలు వాకిట్లోకి వచ్చేవి. నూలు బట్టలు ఎండలో, పట్టుబట్టలు నీడపట్టున. పట్టుకు నేరుగా ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని వేపచెట్టు కింద మంచాలు వేసేవాళ్ళు. పోయిన ఏడు పెట్టిన వేపాకు పొడి దులిపి, కొత్త ఆకు ఆరబెట్టి, నాలుగు లవంగాలు గుడ్డలో మూటకట్టి పెట్టెలో వేసేవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యమైన పని మడత మార్చడం. ఏడాదంతా ఒకే మడత మీద ఉన్న పట్టుచీర ఆ గీత వెంట విరుగుతుంది. అమ్మ ఒక్కో చీరనూ విప్పి, పాత గీత లోపలికి పోయేలా మళ్ళీ మడిచేది. మడుస్తూ ఆ చీర కథ చెప్పేది. ఇది పెళ్ళిలో పెద్దత్తయ్య పెట్టింది. ఇది నువ్వు పుట్టినప్పుడు అమ్మమ్మ తెచ్చింది. ఈ మరక నువ్వు చేసిందే, బారసాలనాడు. ఇంట్లో మంచి చీరలన్నీ కలిపి ఏడో ఎనిమిదో. వాటితోనే దసరా, అట్లతద్దె, దీపావళి, కార్తీకమంతా గడవాలి. ఏ రోజుకు ఏది, దేని మీదికి ఏది అన్న ఆలోచన ఆ మంచాల దగ్గరే మొదలయ్యేది.

గంజి సంగతి ముందు చెప్పాలి. మా ఇంట్లో గిన్నెలు తోమడానికి ఒక పెద్దావిడ వచ్చేది. ఇళ్ళలో నీళ్ళు మోసి, గిన్నెలు తోమే ఆడవాళ్ళను అక్కడ రౌతాయిన్ అంటారు. మేం ఆవిడను దాయి అని పిలిచేవాళ్ళం, ఛత్తీస్‌గఢీలో అమ్మ అని అర్థం. మోకాలి కిందికి వచ్చే ముతక లుగ్రా, మెడలో వెండి సుతా, చేతులకు మెలిదిప్పిన ఐంఠీలు, కాళ్ళకు బరువైన పైరీలు. ఒక ఆశ్వయుజంలో అమ్మ గంజిలో చీర ముంచబోతుంటే దాయి ఆపినంత పని చేసింది. వాళ్ళకు అది పసియా. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తినే బాసీ, అన్నం వార్చిన పసియా, ఈ రెండూ ఛత్తీస్‌గఢ్ పల్లె ఇంట కడుపు నింపేవి. తాగేదాన్ని బట్టకు పోస్తారా అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా ఆశ్చర్యపడింది. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మమ్మ ఊళ్ళో గంజి తాగి ఊడ్పులకు వెళ్ళినవాళ్ళు ఆవిడకు గుర్తొచ్చి ఉంటారు.

మర్నాటి నుంచి వార్చిన గంజిలో మొదటి చిక్కటి చెంబు, ఉప్పు వేసి, దాయిది. మిగిలినదానికి నీళ్ళు కలిపి పలచన చేసి, వడగట్టి, చీరకు పెట్టేది. ఆ పలచటి గంజితో అమ్మకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. చిక్కటి గంజి చీరను అట్టలా నిలబెడుతుంది, కుచ్చిళ్ళు పొంగి విరిగిపోతాయి. పలచటి గంజి పెట్టిన చీర ఒంటికి దగ్గరగా ఉంటూనే మడత నిలుపుకుంటుంది. "చీర మనిషిని మొయ్యాల గానీ మనిషి చీరను మొయ్యకూడదే" అనేది అమ్మ. సగం ఆరిన చీర అంచులు తనో వైపు, నేనో వైపు పట్టుకుని, కాళ్ళు నేలకు తన్నిపెట్టి లాగేవాళ్ళం. బట్ట ఒక్కసారి టపుక్కున సాగి చదునయ్యేది. ఆ లాగుడులో రెండో కొస పట్టుకోవడానికి ఇంట్లో ఒక మనిషి తప్పనిసరి. ఒంటరిగా చేసే పని కాదది.

చీర సిద్ధమయ్యాక జత. అమ్మ మాటల్లో అందం, అలంకారం లాంటివి వినిపించేవి కావు. "జత కుదిరింది", "జత కుదరలేదు", అంతే. ఆవిడ లెక్క ప్రకారం జాకెట్టు చీర ఒంటి రంగులో ఉండకూడదు, అంచు రంగులో ఉండాలి. అంచులో రెండు రంగులుంటే తక్కువగా కనిపించేదాన్ని జాకెట్టుకు తీసుకోవాలి. కొంగులో ఎక్కడో ఒక పోగు రంగు ఉంటుంది, అది గాజుల్లోకి రావాలి. పువ్వు మాత్రం ఈ లెక్కలోకి రాదు, ఆ రోజు పెరట్లో పూసింది ఏదైతే అది. జాకెట్టు గుడ్డ కొనడానికి గోల్ బజార్ వెళ్ళేవాళ్ళం. కొట్టు లోపల బల్బు వెలుతుర్లో రంగు ఎంచుకోవడం అమ్మకు నచ్చదు. టూ బై టూ రుబియా తాను పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, సంచిలోంచి చీర కొస తీసి, ఎండలో రెండూ పక్కపక్కన పెట్టి చూసేది. కొట్టు సేఠ్‌కు అది అలవాటే. ఇంకో తాను కూడా తెచ్చి గుమ్మంలోనే విప్పేవాడు. ఆశ్వయుజపు ఎండలో రంగు అబద్ధం చెప్పదని అమ్మ నమ్మకం. వాన కడిగి వెళ్ళిన గాలి, పచ్చగా విరుచుకుపడని లేత వెలుతురు. ఆ వెలుతుర్లో చిలకపచ్చకీ ఆకుపచ్చకీ తేడా పిల్లలక్కూడా తెలిసేది.

1974 మాకు గడ్డు ఏడు. ఆ మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది, 8వ తేదీన మొదలై ఇరవై రోజులు సాగింది. దసరా నాటికి కూడా మా ఇంట్లో చేతిలో డబ్బు ఆడలేదు. నాకు పన్నెండేళ్ళు. పక్కింటి పిల్లలకు కొత్త పరికిణీలు వచ్చాయని ఏడ్చాను. అమ్మ ఏమీ అనలేదు. తన పెళ్ళినాటి పట్టుచీర తీసింది. ముదురు ఆకుపచ్చ, మామిడిపిందెల అంచు, మడతల దగ్గర విరగడం మొదలుపెట్టింది. విరిగిన చోట్లన్నీ వదిలిపెడుతూ సుద్దతో గీతలు గీసి, ఉషా మిషను మీద రెండు రాత్రులు కుట్టింది. అంచు పాదాల మీదికి వచ్చేలా పరికిణీ. కొంగు భాగంతో బుట్టచేతుల జాకెట్టు. నడుం కింద లోపలివైపు మూడు మడతలు వేసి కుట్టింది, నేను పొడుగయ్యేకొద్దీ ఏటా ఒక మడత విప్పడానికి. కాలనీ మైదానంలో రావణ దహనానికి అది వేసుకుని వెళ్ళాను. సోన్‌పత్తి అని అక్కడివాళ్ళు ఆకులు చేతుల్లో పెట్టుకుంటుంటే, మనవాళ్ళు జమ్మి ఆకులు పెద్దల చేతుల్లో పెట్టి దండం పెడుతుంటే, బెంగాలీ మాసీమా ఒకావిడ నా పరికిణీ అంచు వేళ్ళతో తడిమి చూసింది. ఆవిడ కాళీబాడీలో దశమి పూజ ముగించుకుని ఎర్రంచు తెల్లచీరలో వచ్చింది, నుదుటి నిండా సింధూరం. "ఇది మీ అమ్మ పెళ్ళిచీర కదూ?" అని హిందీలో అడిగింది. పట్టు పాతదైతే ఆడవాళ్ళకు వేళ్ళతోనే తెలుస్తుంది. సిగ్గుపడబోయి అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వుతూ తల ఊపింది. ఆ మూడు మడతలూ పూర్తిగా విప్పేదాకా, అంటే 1977 దాకా, ఆ పరికిణీ కట్టాను.

అట్లతద్దె వచ్చేది దసరా వెళ్ళాక, ఆశ్వయుజ బహుళ తదియనాడు. తద్దె అంటే తదియే. ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ళకు అంతకు ముందే, భాద్రపద శుద్ధ తదియనాడు, తీజా. ఆ పేరూ తదియ నుంచి వచ్చిందే. తీజాకు పుట్టింటివాళ్ళు వచ్చి కూతుర్ని తీసుకెళ్ళి కొత్త లుగ్రా పెడతారు. దాయికి తమ్ముడు పెట్టిన లుగ్రా దీపావళి దాకా కొత్తదే. ఆ చీరలో ఆవిడ మా ఇంటికి పనికి వచ్చినప్పుడు అమ్మ గిన్నెల బుట్ట తనే లోపల పెట్టేసేది, కొత్త బట్టకు మసి అంటకుండా. మా అట్లతద్దెకు ముందురోజు రాత్రి గోరింటాకు. నూరిన ఆకు ముద్ద దాయి చేతికీ పెట్టేది అమ్మ. తెల్లారకముందే లేచి చద్దన్నం తిని, వేపచెట్టుకు కట్టిన ఉయ్యాల ఊగేవాళ్ళం. ఆ వేళకు గాలిలో చలి పొడ ఉండేది. మా ఓణీల కొంగులు తల చుట్టూ తిప్పుకునేవాళ్ళం.

తలలో పువ్వు మాత్రం మా ఆడవాళ్ళను దూరం నుంచే పట్టించేది. చుట్టుపక్కల ఇళ్ళలో పూలదండ దేవుడికీ గుమ్మానికీ. మనవాళ్ళు బంతిపువ్వు ఒక్కటి దొరికినా జడలో దోపుకునేవాళ్ళు. ఆ ఋతువులో కాలనీ అంతా బంతులు, చామంతులు, తెల్లారేసరికి నేల మీద పారిజాతాలు. దీపావళికి ముందు సువా పాటలతో వచ్చే పల్లె ఆడవాళ్ళు వడ్లు పోసిన బుట్టలో మట్టి చిలకను పెట్టి, చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్ళు. అమ్మ వాళ్ళ కట్టు చూస్తూ నిలబడిపోయేది. పిక్కల మీదికి, నడకకు అడ్డం రాకుండా, కొంగు నడుంలో గట్టిగా దోపి. "అచ్చం అమ్మమ్మ గూడకట్టు లాగుంది" అనేది. పొలం పనికి వంగే ఆడదాని కట్టు ఏ ఊళ్ళోనైనా ఒక్కలాగే ఉంటుందని ఆవిడ అలా కనిపెట్టింది.

సముద్రం ఒడ్డునుంచి వచ్చిన మావాళ్ళకు రాయపూర్ కొత్తగా నేర్పింది చలి. శ్రీకాకుళంలో పుట్టిన పిల్లకు ఊలుతో పనేముంటుంది? ఇక్కడ దసరా వెళ్ళగానే సాయంత్రం మంచు దిగుతుంది, కార్తీకంలో తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. పంజాబీ వాళ్ళ ఇంటి మెట్ల మీద మధ్యాహ్నాలు కూచుని మా అమ్మలు ఊలు అల్లే సూదులు పట్టడం నేర్చారు. ఏక్ సీధా, ఏక్ ఉల్టా. సూది మీంచి ఫందా జారితే కేక పెట్టి నవ్వేవాళ్ళు. తెలుగు మాట రాని ఆ ఇంటి పెద్దావిడా, పంజాబీ మాట రాని మా అమ్మా పది నంబరు సూదులతోనే మాట్లాడుకున్నారు. అయితే చీర మీద స్వెటరు అమ్మకు ఒప్పలేదు. కొంగు లోపలికి పోతే చీర లేనట్టు, పైకి వస్తే ఊలు ముద్దలా ఉబ్బి కనిపిస్తుంది. చివరికి ఊలుతో జాకెట్టే అల్లింది. మోచేతుల దాకా చేతులు, ఒంటికి పట్టేలా పక్కల్లో రిబ్బు, వంగపండు రంగు. ఆ రంగు ఎందుకంటే, పెట్టెలో ఉన్న రెండు మంచి చీరల మీదికీ అది ఒక్కటే వస్తుంది కాబట్టి.

ఆ రెండింట్లో ఒకటి పొందూరు. ఏటా దసరాకు అమ్మమ్మో మామయ్యో వాల్తేరు ప్యాసింజర్ దిగేవాళ్ళు. లేకపోతే పైడితల్లమ్మ సిరిమానుకు విజయనగరం వెళ్ళిన కాలనీవాళ్ళ చేత పొట్లం పంపేవాళ్ళు. ఒక ఏడు ఆ పొట్లంలో తెల్లటి పొందూరు చీర వచ్చింది, వంగపండు రంగు అంచుతో. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, సన్నటి నూలు వడుకుతారు. గాంధీగారు మెచ్చిన బట్ట. గంజి కోసమే పుట్టినట్టుండేది ఆ చీర. పలచటి గంజి తాగి ఆరి, లాగి, మడిచి పరుపు కింద రాత్రంతా పెడితే పొద్దున కాగితంలా వచ్చేది.

రెండోది కోసా. 1979లో రైల్వేవాళ్ళకు బోనస్ ఒప్పుకున్నారు. మరుసటి దసరాకు నాన్న అమ్మను సదర్ బజార్ వైపు తీసుకెళ్ళి, చాంపాలో నేసిన కోసా చీర కొన్నారు. మన దసలిపట్టే అది. అడవిలో మద్దిచెట్ల మీద పెరిగే పురుగు గూళ్ళను ఉడికించి, ఆడవాళ్ళు తొడ మీద పోగులు పేని తీసిన నూలు. దేవాంగన్ ఇంటిపేరున్న నేతగాళ్ళు నేస్తారు. మన దేవాంగుల పేరు విన్నట్టే ఉందని అమ్మకు ఆ పేరు మీదే మక్కువ. రంగు వెయ్యలేదు. గూటికి పుట్టుకతో వచ్చిన తేనె రంగే, అంచు ఒక్కటి వంగపండు. రాయపూర్ చుట్టూ ఆ వారాల్లో వరి పండి అదే రంగుకు తిరిగి ఉంటుంది. ఆ దుకాణంలోంచి బయటికొచ్చి ఎండలో చీర కొస చూసుకుంటూ అమ్మ, "మన చేను రంగే" అంది. మాకు చేను లేదు. ఆ ఊరిని ఆవిడ మన అనడం నేను వినడం అదే మొదటిసారి.

కార్తీక పౌర్ణమినాడు ఖారున్ నది ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో పున్నీ మేళా. తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరేవాళ్ళం. అమ్మ స్నానానికి పాత నూలుచీర, ఒడ్డుకు రాగానే కోసా. దసలిపట్టు మడికి పనికొస్తుందని మనవాళ్ళ నమ్మకం, కోసా పూజకు శుద్ధమని వాళ్ళ నమ్మకం. ఒక్క బట్టలో రెండు ఊళ్ళ మడీ సరిపోయింది. తేనె రంగు చీర, వంగపండు ఊలు జాకెట్టు, తడిజుట్టు ముడిలో ఒక పసుపు చామంతి. హాటకేశ్వర మహాదేవుడి గుడి మెట్ల మీద దీపం పెట్టి, ఆ దీపం ఆరకుండా కొంగు అడ్డుపెట్టి వంగిన అమ్మ నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. అప్పుడావిడకు నలభై రెండేళ్ళు. ఆ జత కుదరడానికి ఒక చాంపా మగ్గం, ఒక పుట్టింటి రైలు, ఒక పంజాబీ పెద్దావిడ సూదులు, ఒక ఏడాది బోనసు కావలసి వచ్చాయి.

అవన్నీ ఎలా పోయాయో ఎవరినీ తప్పుపట్టకుండానే చెప్పగలను. ముందు ప్రెషర్ కుక్కర్ వచ్చింది. అన్నం వార్చడం మానేశాం, గంజి లేకుండా పోయింది. తర్వాత పాలియెస్టర్ చీరలు వచ్చాయి. గంజి అక్కర్లేదు, లాగక్కర్లేదు, ఉతికి తగిలిస్తే చాలు. పొద్దున్నే పనికి పరుగెత్తే ఆడవాళ్ళకు అది నిజమైన ఉపకారం, దాన్ని నేను తక్కువ చెయ్యను. చీరతో పాటే జాకెట్టు ముక్క వచ్చాక గుమ్మంలో నిలబడి రంగు చూసే పని పోయింది. సీతాఫలాల గంపలతో, లుగ్రాలతో పల్లె ఆడవాళ్ళను ఊళ్ళోకి తెచ్చే ధమ్తరీ చిన్న రైలు ఊళ్ళోంచి వెళ్ళిపోయింది, ఆ పట్టాల దారిలో ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. నాన్న రిటైరయ్యారు, పొరుగువాళ్ళు ఒక్కొక్కరే తమ ఊళ్ళకు తిరిగిపోయారు. నేను ఇక్కడే కోడలినయ్యాను కాబట్టి ఉండిపోయాను. నా బీరువాలో అమ్మకు జన్మంతా ఉన్నన్ని చీరల కంటే మూడింతలు ఉన్నాయి. వాటిలో సగం ఎవరు నేశారో, ఏ ఊరివో నాకు తెలియదు. మడత మారుస్తూ చెప్పడానికి వాటికి కథ లేదు. నాకు బాధ కలిగించేది అదొక్కటే.

అమ్మ పోయాక పొందూరు చీర నా దగ్గరికి వచ్చింది. పోయిన ఆశ్వయుజంలో దాన్ని కట్టాలనిపించింది. కుక్కర్ పక్కన పెట్టి, గిన్నెలో ఎసరు ఎక్కువ పోసి అన్నం వండాను. వార్చేటప్పుడు ఆవిరి మొహానికి తగిలితే వాకిట్లో మంచాలు, వేపచెట్టు, ఇత్తడి గిన్నె అన్నీ గుర్తొచ్చాయి. చీర సగం ఆరాక మా అమ్మాయిని పిలిచి రెండో కొస చేతికిచ్చాను. ఎలా పట్టుకోవాలో దానికి తెలియదు. కాళ్ళు తన్నిపెట్టి గట్టిగా లాగమన్నాను. బట్ట టపుక్కుమంది.

కానీ అంతకు ముందు ఒక పని చేశాను. వార్చిన గంజిలో మొదటి చిక్కటి గ్లాసు తీసి, ఉప్పు వేసి, నిలబడే తాగాను. మిగిలినదానికే నీళ్ళు కలిపాను.